నీళ్లు విడిపోయే కనుమను ఫొటో తీయడం: పాలమూరు నుంచి సహ్యాద్రి దాకా సమగ్ర మార్గదర్శి

నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణ తెలంగాణలోకి వస్తుంది. భీమ అక్కడికి దగ్గరలోనే దానిలో కలుస్తుంది. ఇంకా దిగువకు వెళ్తే, అలంపురం దాటాక, తుంగభద్ర వచ్చి చేరుతుంది. జూరాల కాలువ కింద వరి నాటినా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో చెరువు నిండినా, ఆ నీళ్ల మూలాన్ని వెదుక్కుంటూ ఎగువకు పోతే మూడు నదుల దారులూ ఒకే కొండవరుసకు చేరతాయి. అది సహ్యాద్రి, మన వాడుకలో పశ్చిమ కనుమలు.

ఆ కొండవరుస వెన్ను మన ద్వీపకల్పానికి ఖండ జలవిభాజకం. పెంకుటింటి నడికొప్పు మీద పడిన వాన ఒక పక్క వాకిట్లోకి, మరో పక్క పెరట్లోకి జారినట్టే, మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర ఆ వెన్నుకు పడమర పడిన చినుకు సావిత్రి నదిలో చేరి, సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణంతో అరేబియా సముద్రానికి వెళ్తుంది. తూర్పున పడిన చినుకు కృష్ణగా మారి, దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి, మన పొలాల పక్కనుంచి సాగి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. రెండు చినుకులూ పడేటప్పుడు వాటి మధ్య దూరం ఒక్క అడుగే కావచ్చు.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లి వచ్చి, తీసిన ఫొటోలను ఇంట్లో చూపించినప్పుడు మా పెద్దనాయన అన్నిటినీ ఓపికగా చూసి ఒక్క మాట అడిగాడు: "ఈ ఫొటోల మన కిష్ణ ఏ దిక్కు పోతది రా?" నా దగ్గర సమాధానం లేదు. ఆ ఫొటోలలో మలుపులు తిరిగే రోడ్డు ఉంది, పొగమంచు ఉంది, ఎర్రటి సూర్యాస్తమయం ఉంది. అవి ఏ కొండలోనైనా తీయగలిగినవి. అక్కడ నీళ్లు రెండుగా విడిపోతున్నాయన్న సంగతి ఒక్క ఫొటోలోనూ లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఫొటో ఎలా తీయాలో ఆ తర్వాతి ప్రయాణాలలో నేర్చుకున్నదంతా ఈ మార్గదర్శిలో క్రమంగా రాస్తున్నాను.

మొదటి పని: గీతను పటం మీద పట్టుకోవడం

జలవిభాజకం కంటికి కనిపించే గీత కాదు కాబట్టి, కెమెరా సంచి సర్దడానికి ముందే దానిని పటం మీద గుర్తించాలి. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్థలాకృతి పటాలు ఇందుకు అన్నిటికన్నా బాగా పనికివస్తాయి. వాటిలో ఎత్తును చూపే సమోన్నత రేఖలు, వాగులు, కాలిబాటలు అన్నీ ఉంటాయి. ఉపగ్రహ చిత్రాలు అందంగా ఉన్నా వాలు ఏ దిక్కుకు దిగుతోందో వాటిలో వెంటనే తెలియదు.

సమోన్నత రేఖలను చదవడానికి రెండు గుర్తులు చాలు. రేఖలు వంపు తిరిగి, ఆ వంపు మొన ఎత్తు వైపు చూపిస్తే అక్కడ వాగు ఉంది. మొన పల్లం వైపు చూపిస్తే అక్కడ కొండవెన్ను ఉంది. రెండు శిఖరాల మధ్య వెన్ను కొంత కుంగి, రేఖలు ఢమరుకం నడుములా దగ్గరపడే చోటే కనుమ. పూర్వకాలపు బాటలూ నేటి రోడ్లూ కొండను దాటేది అక్కడే. మరాఠీ పేర్లలో దానిని ఖిండ్ అంటారు, కిందికి దిగే దారిని ఘాట్ అంటారు. పటంలో ఈ మాటలు కనిపించిన చోట ఆగి చూడండి.

ఆ తర్వాత రెండు రంగు పెన్సిళ్లు తీసుకోండి. పడమటికి పోయే ప్రతి వాగును ఒక రంగుతో, తూర్పుకు పోయే ప్రతి వాగును మరో రంగుతో, మొదలయ్యే చోటు దాకా గీయండి. రెండు రంగులూ ఒకదానికొకటి ఎదురుగా వచ్చి ఆగిపోయిన తర్వాత మధ్యలో ఖాళీగా మిగిలిన సన్నటి పట్టీయే జలవిభాజకం. దీనికి ఒక సాయంత్రం పడుతుంది. ఈ పని చేయకుండా వెళ్లినవారు సాధారణంగా పర్యాటకుల గుంపు ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతారు. నేనూ మొదటిసారి అదే చేశాను.

ఎంచుకోదగిన మూడు చోట్లు

మహాబలేశ్వరం పీఠభూమి సముద్రమట్టానికి 1,300 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. దాని పడమటి అంచు కింద సముద్రం వైపు ఉన్న కొంకణ ప్రాంతంలోకి ఒక్కసారిగా తెగిపడుతుంది. తూర్పు వైపు మాత్రం లోయలు క్రమంగా వెడల్పవుతూ దక్కన్ మైదానంలో కలుస్తాయి. ఈ తేడాయే మన ఫొటోకు అసలు వస్తువు.

పాత మహాబలేశ్వరంలోని పంచగంగ ఆలయంలో కృష్ణ, వెణ్ణ, కోయన, సావిత్రి, గాయత్రి నదులు పుట్టాయని భక్తుల నమ్మకం. వాటిలో సావిత్రి పడమటి సముద్రానిది. కృష్ణ, వెణ్ణ, కోయన తూర్పు సముద్రానివి. లోపల ఫొటో తీయడానికి అక్కడివారిని అడగాలి, వద్దంటే కెమెరా దించాలి.

మొదటి చోటు ఆర్థర్ సీట్. పాత మహాబలేశ్వరం దాటి వెళ్తే వచ్చే ఈ అంచు నుంచి కింద సావిత్రి లోయ కనిపిస్తుంది. పడమటి తెగుడును చూపడానికి ఇంతకన్నా మంచి చోటు ఆ పీఠభూమి మీద నేను చూడలేదు. లోయలోంచి గాలి నిట్టనిలువునా పైకి కొడుతుంది. కొందరు తేలికైన మూతలను కిందికి విసిరి, అవి తిరిగి పైకి రావడం చూసి ఆనందిస్తారు. మనకు ఆ గాలితో ఉన్న పని వేరు, దాని గురించి ట్రైపాడ్ దగ్గర చెబుతాను.

రెండవది కేట్స్ పాయింట్. ఇది పీఠభూమికి తూర్పు అంచు. ఇక్కడినుంచి కృష్ణా లోయ, దానిలో ధోమ్ జలాశయం కనిపిస్తాయి. పాలమూరు మనిషి ఇక్కడ నిలబడి ఆ నీటిని చూస్తే, అది ఇంకా ఎన్ని ఊళ్లు దాటి మన దగ్గరికి రావాలో తలచుకోకుండా ఉండలేడు.

మూడవది అసలైన కనుమ. మహాబలేశ్వరం నుంచి పోలాద్‌పూర్‌కు దిగే రోడ్డు మొదట కోయన ఎగువ లోయలోకి దిగి, ప్రతాప్‌గఢ్ కోట ఉన్న కొండవెన్నును దాటి, అక్కడినుంచి అంబేనళి ఘాట్‌గా కొంకణంలోకి జారుతుంది. కోటకు తూర్పున పడిన వాన కోయనలోకి, దానిద్వారా కృష్ణలోకి వెళ్తుంది. పడమర పడినది సావిత్రిలోకి వెళ్తుంది. 1659 నవంబరు 10న శివాజీ, బీజాపూర్ సేనాని అఫ్జల్ ఖాన్ కలుసుకున్నది ఈ కోట కిందనే. కనుమను కాపలా కాయడానికే కోట కట్టారు కాబట్టి, దాని బురుజుల మీదనుంచి రెండు పక్కల లోయలూ కనిపించడం సహజమే. కాపలావారు చూసిన చోటునుంచి చూడటమే ఫొటోగ్రాఫరుకూ ఉత్తమం.

ఎండ ఏ దిక్కు నుంచి, ఏ నెలలో

మహాబలేశ్వరం మహబూబ్‌నగర్ కన్నా రేఖాంశంలో నాలుగు డిగ్రీలకు పైగా పడమరన ఉంది. కాబట్టి అక్కడ సూర్యుడు మన దగ్గరికన్నా సుమారు 17 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు, అంతే ఆలస్యంగా అస్తమిస్తాడు. మన ఊరి లెక్కతో అలారం పెట్టుకుంటే చీకట్లో కాసేపు ఎక్కువ నిలబడతారు, అంతే నష్టం. సాయంత్రం మాత్రం తొందరపడి ట్రైపాడ్ ముడిచేయకండి.

డిసెంబరు చివర సూర్యుడు నిజమైన పడమటికి దాదాపు 25 డిగ్రీలు దక్షిణంగా, జూన్ చివర అంతే ఉత్తరంగా అస్తమిస్తాడు. ఈ 50 డిగ్రీల తేడా కొండచరియ మీద పడే వెలుగును పూర్తిగా మారుస్తుంది. సహ్యాద్రి రాయి లావా పొరలు ఒకదానిమీద ఒకటి పరుచుకుని గట్టిపడిన బసాల్ట్. ఆ పొరలు ఏర్పడింది సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట. అందువల్ల ఆ కొండల ముఖం మీద మెట్లలాగా అడ్డగీతలు ఉంటాయి. మన పాలమూరు గ్రానైటు గుండ్లలో అలాంటి గీతలు కనిపించవు. ఆ మెట్లు ఫొటోలో తేలాలంటే వెలుగు పక్కనుంచి పడాలి. చలికాలపు సాయంత్రం, సూర్యుడు నైరుతికి ఒరిగి ఉన్నప్పుడు, పడమటి అంచు మీదనుంచి ఉత్తరానికో దక్షిణానికో తిరిగి, కొండచరియ పొడవునా చూస్తూ తీసిన ఫొటోలో ప్రతి మెట్టూ తన నీడతో సహా కనిపిస్తుంది.

పడమటి అంచు ఉదయమంతా నీడలోనే ఉంటుందని గుర్తుంచుకోవాలి. సూర్యుడు మన వీపు వెనక లేస్తాడు, పీఠభూమి నీడ కొంకణం మీద పొడవుగా పరుచుకుని మెల్లగా మన కాళ్ల వైపు ముడుచుకుంటూ వస్తుంది. చాలామంది ఉదయం ఇక్కడ ఫొటోకు ఏమీ లేదని వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ ముడుచుకునే నీడ అంచు ఎంతో విలువైనదిగా తోస్తుంది: కొండ తన ఎత్తును తానే నేల మీద గీసి చూపించే సమయం అది.

నెలల సంగతి క్లుప్తంగా చెబుతాను. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో గాలి కడిగినట్టు ఉంటుంది, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. మొదటిసారి వెళ్లేవారికి ఇదే తగిన కాలం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయాల్లో లోయ మంచుతో నిండుతుంది. మార్చి నుంచి మే వరకు దుమ్ము పొర దూరపు కొండలను మింగేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వాన. మహాబలేశ్వరంలో ఏటా 5,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అక్కడికి తూర్పున ముప్పై కిలోమీటర్ల దూరంలోని వాయి పట్టణంలో వెయ్యి మిల్లీమీటర్లు కూడా కురవదు. వాననీడ అంటే ఏమిటో పాలమూరు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఈ తేడాను చూపాలనుకునేవారు సెప్టెంబరు చివర వెళ్లి, ఒకే రోజు రెండు వైపుల పచ్చదనాన్నీ తీయవచ్చు.

వెళ్లేముందు ఇంటి దగ్గర సాధన

ఆరువందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వెళ్లి, అక్కడ కెమెరా బటన్లు వెదుక్కోవడం తగదు. మన జిల్లాలలోనే ఇదే పాఠాన్ని చిన్న కొలతలో నేర్పే చోట్లు ఉన్నాయి.

అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం నల్లమల అంచున ఉంది. అమ్రాబాద్ పీఠభూమి ఉత్తరాన మైదానంలోకి తెగిపడే తీరు, సహ్యాద్రి కొంకణంలోకి తెగిపడే తీరుకు చిన్న నమూనా. కాకపోతే ఈ కొండముఖం ఉత్తరం వైపు ఉంటుంది కనుక చలికాలమంతా దాని నిట్టనిలువు భాగాలు నీడలోనే ఉంటాయి. నీడలోని రాతినీ వెలుగులోని మైదానాన్నీ ఒకే ఫ్రేములో నిలపడం ఇక్కడ సాధన చేస్తే, ఆర్థర్ సీట్ దగ్గరి ఉదయం కష్టమనిపించదు. మహబూబ్‌నగర్ వారికి మన్యంకొండ మీదికి పోయే ఘాట్ రోడ్డు ఇంకా దగ్గర. మలుపులను పైనుంచి చూసి ఏ మలుపు ఫ్రేములో ఏ మూలకు రావాలో ఆలోచించడానికి అది చాలు.

మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద జలవిభాజకాన్ని కూడా అభ్యసించవచ్చు. అమ్రాబాద్ పీఠభూమి మీది వాన కొంత ఉత్తరాన డిండిలోకి, కొంత దక్షిణాన నేరుగా కృష్ణలోకి పోతుంది. డిండి కూడా చివరికి కృష్ణలోనే కలిసినా, వెన్నును గుర్తుపట్టే అభ్యాసానికి అది అడ్డు కాదు. అయితే ఇది పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు మూసి ఉంటుంది, ఫరహాబాద్ వ్యూ పాయింట్‌కు అటవీశాఖ సఫారీ వాహనంలోనే వెళ్లాలి, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయరాదు, రోడ్డు దిగి అడవిలోకి నడవరాదు. ఈ నియమాలు జంతువుల కోసం పెట్టినవి, వాటిని మనస్ఫూర్తిగా పాటించాలి.

వెంట ఉండవలసినవి

కెమెరా ఏదైనా సరే, దిద్దకుండా మొత్తం సమాచారాన్ని దాచే రా ఫార్మాట్‌లో తీయగలగాలి. ఇప్పటి చాలా ఫోన్లలోనూ ఆ వీలుంది. లెన్సులలో వెడల్పుగా చూసేది ఒకటి, 70 నుంచి 200 మిల్లీమీటర్ల వంటి పొడవైనది ఒకటి సరిపోతాయి. ఒక్కటే తీసుకెళ్లగలిగితే పొడవైనదే తీసుకెళ్లమంటాను. కొండలంటే వెడల్పు లెన్స్ అని అందరూ అనుకుంటారు కానీ, అది దూరపు వెన్నులను చీమలంత చేస్తుంది; పొడవైన లెన్స్ ఒకదాని వెనక ఒకటిగా ఉన్న వరుసలను దగ్గరికి లాగి, దూరం పెరిగేకొద్దీ నీలం ఎలా పలచబడుతుందో చూపిస్తుంది.

ట్రైపాడ్ తప్పనిసరి. అంచు దగ్గరి గాలిలో దాని మధ్య కడ్డీని పైకి లేపకండి, కాళ్లను వెడల్పుగా పరిచి, కొక్కేనికి సంచి తగిలించండి. ఆ సంచి గాలికి ఊగితే మరింత కీడు, కాబట్టి దాని అడుగు నేలను తాకేలా ఉంచాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌లోని వణుకు నివారణను ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

పోలరైజర్ ఫిల్టరు తడి ఆకుల మెరుపును తగ్గించి వాటి అసలు రంగును బయటికి తెస్తుంది. ఆకాశం మీద మాత్రం అది సూర్యుడికి 90 డిగ్రీల పక్కనే బాగా పనిచేస్తుంది, సూర్యుడి వైపు తిరిగితే పనిచేయదు. వీటికి తోడు నాలుగు మెత్తటి గుడ్డలు, సిలికా జెల్ పొట్లాలు, వాన కవరు, తలకు కట్టుకునే లైటు.

చోటు చేరాక: ఎక్కడ నిలబడాలి, దేనిని ఎక్కడ ఉంచాలి

ముందురోజు సాయంత్రమే వెళ్లి, కెమెరా బయటికి తీయకుండా అరగంట నడవండి. పటం మీద మీరు గీసిన ఖాళీ పట్టీని నేల మీద వెదకండి. వాన కాలువలు గీసిన చిన్న చిన్న గాట్లు ఏ దిక్కుకు దిగుతున్నాయో చూస్తే, వెన్ను ఎక్కడుందో కాళ్లకే తెలుస్తుంది.

ఫ్రేము కూర్చేటప్పుడు కొండవెన్నును ఫొటోకు వెన్నెముకగా చేయండి. కింది మూలలో మొదలై, మెలి తిరుగుతూ పైకి పోయి దూరాన కరిగిపోయేలా దానిని ఉంచితే, చూసేవారి చూపు దాని వెంటే నడుస్తుంది, ఎడమకు ఒక లోయ కుడికి ఒక లోయ అని తనంతట తానే గ్రహిస్తుంది. ఇందుకోసం వెన్నుకు ఎదురుగా కాక, దాని పొడవునా చూసే చోటు కావాలి. ప్రతాప్‌గఢ్ బురుజులు ఇందుకు బాగా నప్పుతాయి.

ఆకాశానికి ఎంత చోటివ్వాలన్నది మబ్బును బట్టి తేల్చుకోవాలి. మబ్బులో ఏ విశేషమూ లేకపోతే దిగంతరేఖను ఫ్రేము పైఅంచుకు దగ్గరగా జరిపి, లోయకే చోటివ్వండి. లోతు చూపడానికి వచ్చినప్పుడు ఖాళీ ఆకాశం మనకు సాయపడదు. ఒక చిన్న మానవ కొలత ఉంటే లోతు ఇంకా బాగా తెలుస్తుంది: కింద మలుపులో ఒక బస్సు, కోట గోడ మీద ఒక జెండా, లోయ అడుగున పొగ లేచే ఒక ఇల్లు.

ఫోకస్, ఎక్స్‌పోజర్

ముందున్న గడ్డినుంచి చివరి కొండదాకా స్పష్టంగా ఉండాలంటే ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 నుంచి ఎఫ్ 11 మధ్య ఉంచండి. ఇంకా చిన్నది చేస్తే కాంతి వంగడం వల్ల మొత్తం ఫొటో పదును తగ్గుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 11 దగ్గర ఉంచి, 1.8 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, సుమారు 90 సెంటీమీటర్లనుంచి అనంతం దాకా ఆమోదయోగ్యమైన స్పష్టత వస్తుంది. ఆ 1.8 మీటర్లను హైపర్‌ఫోకల్ దూరం అంటారు. పెద్ద ప్రింటు వేయాలనుకునేవారు మూడు మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే దూరపు వెన్నులు మరింత పదునుగా వస్తాయి, దగ్గరి గడ్డి కొంత మెత్తబడుతుంది. నేను దూరాన్నే ఎంచుకుంటాను. పొడవైన లెన్స్ వాడితే ఈ లెక్కలు అక్కరలేదు, కెమెరా తెర మీద కనిపించే దృశ్యాన్ని (లైవ్ వ్యూ) పెద్దది చేసి ఒక దూరపు చెట్టు మీద ఫోకస్ చేయడమే మేలు.

ఐఎస్ఓను, అంటే కెమెరా వెలుగును పట్టే సున్నితత్వాన్ని, 100 వద్ద ఉంచి, షట్టర్ వేగాన్ని వెలుగుకు వదిలేయండి. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు ఆకాశానికీ నీడలోని లోయకూ మధ్య ఉన్న తేడాను ఏ కెమెరా కూడా ఒక్క ఫ్రేములో పూర్తిగా పట్టలేకపోవచ్చు. కెమెరాను కదపకుండా మొదటి ఫొటోను మామూలుగా, రెండవదాన్ని రెండు స్టాప్‌లు తక్కువగా, మూడవదాన్ని రెండు స్టాప్‌లు ఎక్కువగా (ఒక స్టాప్ అంటే వెలుగు సగం కావడం లేదా రెట్టింపు కావడం) తీసి, తర్వాత కలపండి. ఒక్క ఫ్రేముతోనే ముగించాలంటే హిస్టోగ్రామ్ (వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫు) కుడి అంచును ఢీకొట్టకుండా ఆకాశాన్ని కాపాడండి. నీడను తర్వాత కొంత లేపవచ్చు, తెల్లగా కాలిపోయిన మబ్బును ఎవరూ తిరిగి తేలేరు.

మంచు నిండిన లోయ

చలికాలపు ప్రశాంతమైన రాత్రులలో చల్లగాలి బరువెక్కి లోయ అడుగుకు జారి అక్కడ మంచుగా మారుతుంది. సూర్యోదయానికి ముందు నుంచి ఎనిమిది, తొమ్మిది గంటల దాకా అది నిలుస్తుంది. ఆ సమయంలో మంచు పైకి తేలిన కొండవెన్నులు సముద్రంలో ద్వీపాల్లా ఉంటాయి, నీళ్లు విడిపోయే గీత అప్పుడే కంటికి అందుతుంది.

కెమెరా మీటరు ఎదురుగా ఉన్నదంతా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని లెక్కవేస్తుంది కాబట్టి, తెల్లటి మంచును మురికి రంగులో చూపిస్తుంది. ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ దాకా పెంచండి. మంచు కదులుతూనే ఉంటుంది. రెండు సెకన్ల షట్టర్ దాని ఆకారాన్ని నిలుపుతుంది, అర నిమిషం షట్టర్ దానిని పాలలా పరుస్తుంది. నాకు మొదటిదే ఇష్టం, మంచుకు ఒక ప్రవాహం ఉందని అందులో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం నా అనుభవం వల్ల చెబుతున్నాను. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడ్డ కెమెరాను తెల్లవారుజామున నేరుగా తేమ గాలిలోకి తీసుకెళ్లాను. లెన్స్ మీద నీటి పొర పట్టింది. తుడిచినకొద్దీ మళ్లీ పట్టింది. అది ఆరేలోగా ఆ ఉదయపు మంచు కరిగిపోయింది. కెమెరా సంచిని గది బయట వరండాలోనో కారులోనో భద్రంగా ఉంచండి, లేదా బయటికి తెచ్చాక అరగంట సంచి తెరవకుండా ఆగండి.

జంట ఫొటో: ఈ మార్గదర్శిలో ముఖ్యమైన పని

రెండు వైపులనూ ఒకే పనోరమాలో, అంటే అనేక ఫ్రేములను కలిపిన వెడల్పు ఫొటోలో, చూపాలని చాలామందికి అనిపిస్తుంది. కెమెరాను నిలువుగా పెట్టి, 35 లేదా 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో, ఒక్కో ఫ్రేము మూడోవంతు ముందుదాని మీద పడేలా, ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనపు అమరిక) మూడింటినీ మాన్యువల్‌లో బిగించి తీయాలి. అయితే ఎండ ఉన్న రోజున ఒక కొస వెలుగులో, ఇంకో కొస నీడలో పడుతుంది. పలచని మబ్బు కమ్మిన రోజు అయితే రెండు వైపులకూ సమానమైన వెలుగు దొరుకుతుంది.

నేను పనోరమాను మెచ్చను. అది రెండు లోయలనూ సాగదీసి ఒకే లోయలా చేస్తుంది. దానికి బదులు రెండు విడి ఫొటోలు తీయమని నా సలహా. ఆర్థర్ సీట్ నుంచి పడమటికి ఒకటి, కేట్స్ పాయింట్ నుంచి తూర్పుకు ఒకటి. ఒకే లెన్స్, ఒకే ఫోకల్ పొడవు, ఒకే ఎపర్చర్, ట్రైపాడ్ ఒకే ఎత్తు. దిగంతరేఖ రెండింటిలోనూ ఫ్రేములో ఒకే స్థాయిలో ఉండాలి. స్పిరిట్ లెవెల్ చూసి, రేఖ కెమెరా తెర గళ్లలో ఏ గడి మీద పడిందో కాగితం మీద రాసుకోండి. కేట్స్ పాయింట్ దగ్గర మధ్యాహ్నం మూడున్నర, నాలుగు గంటల మధ్య తీస్తే సూర్యుడు వెనకనుంచి లోయ మీద పడతాడు. ఆ తర్వాత పీఠభూమి నీడ లోయను నింపుతుంది. అక్కడినుంచి బయలుదేరి సూర్యాస్తమయానికి ముందే ఆర్థర్ సీట్ చేరవచ్చు. ఇలా ఒకే రోజు తీసిన రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదానిలో నేల తెగిపడుతుంది, ఇంకొకదానిలో నేల పరుచుకుంటుంది. మా పెద్దనాయన ప్రశ్నకు జవాబు ఆ రెండింటి మధ్య సందులో ఉంది.

ఘాట్ రోడ్డు మీద

సూర్యుడు అస్తమించాక ఇరవై, ఇరవైఐదు నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. ఆ సమయంలో ఐఎస్ఓ 100, ఎఫ్ 11, 20 నుంచి 30 సెకన్ల షట్టర్‌తో తీస్తే మలుపులలో దిగే వాహనాల దీపాలు ఎరుపు, తెలుపు గీతలుగా వస్తాయి. ఒక లారీ మలుపు మొదట్లో ఉండగా షట్టర్ తెరవండి, అది మలుపు దాటేదాకా మూయకండి.

ఈ ఫొటో కోసం రోడ్డు అంచున నిలబడకూడదు. 2018 జూలైలో అంబేనళి ఘాట్‌లో ఒక బస్సు లోయలో పడి 30 మంది దాకా చనిపోయారు. ఆ మలుపులలో డ్రైవరుకు ఎదురు వాహనమే కష్టంగా కనిపిస్తుంది, చీకట్లో ట్రైపాడ్ పక్కన వంగి ఉన్న మనిషి అసలే కనిపించడు. వాహనాన్ని నిలపడానికి వెడల్పు చేసిన చోట్లలోనే ఆగి, రోడ్డుకు పైవైపున, రెయిలింగుకు లోపల నిలబడండి. వానాకాలంలో చరియలు విరిగిపడతాయి కాబట్టి ఆ నెలల్లో సాయంత్రపు ఫొటోను వదులుకోవడమే మంచిది. ఒంటరిగా వెళ్లవద్దు, వెళ్లే చోటూ తిరిగొచ్చే సమయమూ బస చేసిన చోట చెప్పి వెళ్లండి.

కంప్యూటర్ ముందు

రా ఫైలును తెరిచాక మొదట వైట్ బ్యాలెన్స్‌ను జంట ఫొటోలు రెండింటికీ ఒకే సంఖ్య మీద, 5,500 కెల్విన్ దగ్గర, పెట్టి చూడండి. పొగ తొలగించే స్లైడర్‌ను చాలా కొద్దిగా మాత్రమే వాడండి. దూరపు కొండ నీలంగా, పలచగా కనిపించడమే అది దూరంగా ఉందనడానికి గుర్తు. ఆ పొరను పూర్తిగా తీసేస్తే పది కిలోమీటర్ల లోయ పెరటి గోడంత దగ్గరికి వస్తుంది. తూర్పు ఫొటోలో ఎండిన గడ్డి పసుపుగా ఉంటే పసుపుగానే ఉంచండి. వాననీడను పచ్చగా దిద్దడం అబద్ధం చెప్పడమే అవుతుంది.

మూడో ఫొటో

ఇంటికి తిరిగి వచ్చాక తంగిడి దగ్గరికి వెళ్లండి. అదే లెన్స్, అదే ఫోకల్ పొడవు, దిగంతరేఖ అదే గడి మీద. ఇక్కడ కొండ లేదు, నది వెడల్పుగా నెమ్మదిగా ఉంటుంది కాబట్టి ఉదయపు ఏటవాలు వెలుగులో ఒడ్డునుంచి ఎగువకు, అంటే పడమటికి తిరిగి తీయండి. సూర్యుడు మీ వెనక ఉంటాడు, నీళ్లు మీ వైపు వస్తూ ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరులలో వరద ఉన్నప్పుడు నీరు బురద రంగులో ఉంటుంది, ఒడ్డు దగ్గర జారుతుంది. అప్పుడు గట్టు మీదనుంచే తీయాలి.

మూడింటినీ ఒకే కొలతలో ప్రింటు వేయించి, పడమటి ఫొటోను ఎడమన, తూర్పు ఫొటోను మధ్యన, తంగిడి ఫొటోను కుడిన పెట్టండి. ఒక్కోదాని కింద చోటు పేరు, తేదీ, కెమెరా చూసిన దిక్కు, ఆ నీళ్లు చేరే సముద్రం పేరు రాయండి. మా ఇంట్లో అవి నడవ గోడకు ఉన్నాయి. పెద్దనాయన మధ్య ఫొటోలోని ధోమ్ నీళ్ల మీద వేలు పెట్టి, అక్కడినుంచి కుడి ఫొటో దాకా గోడ మీదే వేలితో గీత గీసుకుంటూ వచ్చాడు.